వెల గల రజను, వెల రాని దుమ్ము

గోలకొండ కోటకును హైదరాబాదు పాతనగరమునకును నడుమ, మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, కార్వాన్ అను పేట కలదు. బిడారులు దిగెడి చోటు గనుక దానికి ఆ పేరు వచ్చినది. సాహుకార్లు కాపురముండుటచే పూర్వము కార్వాన్-ఎ-సాహు అని కూడ పిలిచెడివారు. 1578లో కట్టిన పురానాపూల్ వంతెన దీనికి సమీపముననే ఉన్నది. 1671 నాటి టోలీ మసీదు ఈ పేటలోనిదే. కుతుబ్‌షాహీల కాలమున వజ్రములు కొనువారు, అమ్మువారు, వాటిని కోసి మెరుగుపెట్టు పనివారు ఇచట నివసించిరి. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1676లో పారిస్‌లో ప్రచురించిన తన యాత్రాగ్రంథమున, వంతెన దాటుటకు ముందు ఒక పెద్ద శివారుపేట ఉన్నదనియు, వర్తకులు, దళారులు, చేతిపనివారు అందుండి పగటివేళ నగరములోనికి పోయి వ్యాపారము చూచుకొని సాయంత్రమునకు ఇల్లు చేరుదురనియు వ్రాసెను. ఆ వర్ణన కార్వాన్ వైపునకే సరిపోవుచున్నది.

వజ్రపు వర్తకమును గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. వజ్రమును సానపట్టునపుడు రాలెడి రజనును గూర్చి వ్రాసినవారు అరుదు. అయినను ఆ రజను కథ చిన్నది కాదు. నేటి కర్మాగారములలో గాలిని వడగట్టు యంత్రముల చరిత్రకు దానిని మొదటి అధ్యాయముగా పెట్టుకొనవచ్చును.

వజ్రమును వజ్రముతోనే కోయవలెను. దానికంటె కఠినమైన పదార్థము ఆ కాలపు పనివానికి దొరకదు. కాబట్టి సానచక్రముపై వేయు పొడి కూడ వజ్రపు పొడియే. రావోల్కొండ గనివద్ద పనివారు సానపట్టు విధమును తవెర్నియే స్వయముగా చూచి వ్రాసెను. (ఆ రావోల్కొండ కర్నూలు జిల్లాలోని రామళ్లకోట అని కొందరు పండితుల నిర్ణయము.) ఒక్కొక్క పనివానికి ఒక్కటే చక్రము, అది భోజనపు పళ్లెమంత. దానిపై ఒకసారికి ఒక్కటే రాయి. రాతి పొర ఏ దిక్కున ఉన్నదో తెలియువరకు చక్రముపై నీరు ఎడతెగక పోయుచుందురు. పొర తెలిసినపిదప నూనె పోసి, ఖరీదు ఎక్కువైనను వెనుదీయక వజ్రపు పొడి చల్లి, రాతిపై పెద్ద బరువు పెట్టి త్రిప్పుదురు.

ఈ కొద్ది మాటలలో ధూళి శాస్త్రములోని రెండు ముఖ్యసూత్రములు ఇమిడియున్నవి. నీరు పోసినచోట దుమ్ము లేవదు. పుట్టినచోటనే బురదయై చక్రమునకు అంటుకొనును. నూనెలో కలిపిన పొడి గాలికి ఎగిరిపోదు. పనివారు ఇట్లు చేసినది తమ ఊపిరితిత్తులను కాపాడుకొనుటకు కాదు. రాయి వేడెక్కి చెడకుండుటకు నీరు. ఖరీదైన పొడి నేలపాలు కాకుండుటకు నూనె. ఆరోగ్యము అప్రయత్నముగా కలిగిన లాభము. ఇక్కడ తవెర్నియే పేర్కొన్న ఖరీదు అను మాటను గుర్తుంచుకొనవలెను.

ఆ గ్రంథములోనే మరియొక దృశ్యము కలదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో వేలకొలది స్త్రీలు, పురుషులు, పిల్లలు పనిచేయుచుండిరి. త్రవ్విన మన్నును నీటితో కడిగి, ఎండలో ఆరనిచ్చి, చేటలవంటి బుట్టలలో పోసి, ధాన్యమును తూర్పారబట్టినట్లు గాలికి ఎత్తుదురు. మెత్తనిది దుమ్మై గాలిలో పోవును, ముతకది నిలుచును, వజ్రము ముతకదానిలో ఉండును. తేలికదానిని బరువుదానినుండి గాలిచేత వేరుచేయు ఈ పని నేటి పిండిమరలలోను, సిమెంటు కర్మాగారములలోను యంత్రములచే జరుగుచున్నది. సూత్రము మాత్రము చేటలోనిదే. కొల్లూరులో ఎగిరిపోయిన మెత్తని దుమ్మునకు వెల లేదు. అది ఎచటికి పోయినదో ఎవరును చూడలేదు. గాలివాలున నిలిచినవారి ముక్కులలోనికి కొంత పోయియుండవలెను.

వెల గల దుమ్మును మనుష్యుడు ఏనాడును పోనీయలేదు. కంసాలి తన పీటక్రింద గుడ్డ పరచుకొని ఆకురాయి పొడిని ఏరుకొనును. అతడు విడిచినదానిని కూడ విడువనివారు ఉన్నారు. నగలు చేయు వీథులలో తెల్లవారకముందే కాలువలు, గడపలు ఊడ్చి, ఆ చెత్తను నీటిలో కడిగి, బంగారపు రజనును తీసి బ్రదుకువారిని ఉర్దూలో నియారియాలు అందురు. మనుస్మృతి కాలపు తూనికలలో అన్నిటికంటె చిన్నది త్రసరేణువు. జాలకమునుండి పడు సూర్యకిరణములో ఆడుచు కనబడు నలుసు అని దాని అర్థము. రాగి, వెండి, బంగారములను తూచుటకు ధూళికణమునే మొదటి మెట్టుగా పెట్టుకొనిరన్నమాట.

ఆ కిరణములో కనబడు నలుసుకంటె, కనబడని నలుసే ప్రమాదకరము. ఇచట కొంచెము లెక్క అవసరము.

తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. పలుగురాతి కణము పది మైక్రానుల వ్యాసము గలది నిలకడ గాలిలో సెకండునకు సుమారు 8 మిల్లీమీటర్ల వేగముతో దిగును. స్టోక్స్ సూత్రము ప్రకారము ఈ వేగము వ్యాసము యొక్క వర్గమునుబట్టి మారును. కావున ఒక మైక్రాను కణము నూరు రెట్లు మెల్లగా దిగును. మనిషి ముక్కు ఎత్తునుండి, అనగా ఒకటిన్నర మీటరు ఎత్తునుండి, మొదటి కణము నేల చేరుటకు మూడు నిమిషములు పట్టును. రెండవదానికి నాలుగైదు గంటలు కావలెను. అంతలో పనివాడు కొన్నివేల మారులు ఊపిరి తీయును. కార్ఖానాలో గాలి నిలకడగా ఉండదు గనుక అది నిజముగా నేల చేరునని కూడ చెప్పలేము.

పెద్ద కణములను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి పట్టివేయును. తుమ్ము, దగ్గు, కఫము వాటిని బయటికి పంపును. నాలుగైదు మైక్రానులకంటె చిన్నవి ఈ కాపలాను దాటి ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదులదాక చేరును. అవి పలుగురాతివి, అనగా స్ఫటిక సిలికా కణములు, అయినచో వాటిని మ్రింగిన రక్షకకణములు తామే చచ్చును. ఆ చోట మెత్తని కణజాలమునకు బదులు గట్టి నారవంటి మచ్చ ఏర్పడును. మచ్చలు పెరిగినకొలది ఊపిరి కురుచయగును. ఈ వ్యాధికి సిలికోసిస్ అను పేరు 1870లో ఇటలీలో విస్కోంటి పెట్టెను. దీనిని మాన్పగల మందు నేటికిని లేదు. ఇది గలవారికి క్షయ సులభముగా సోకును. పని మానివేసినను మచ్చలు పెరుగుట ఆగకపోవచ్చును.

గదిలో దుమ్ము కనబడుటలేదు గనుక గాలి బాగున్నదనుకొనుట ఎంత పొరపాటో దీనినిబట్టి తెలియును. పాఠశాలలో దీనిని చూపుట కష్టము కాదు. తలుపులు మూసి, ఒక్క సందునుండి మాత్రము ఎండ పడనిచ్చి, నల్లబల్ల తుడుచు గుడ్డను ఒకసారి విదిలించిన చాలును. అంతకుముందు శుభ్రముగా తోచిన గాలి కిరణములో పొగవలె కనబడును. ఇంగ్లండులో జాన్ టిండాల్ 1870లో ధూళిని, వ్యాధిని గూర్చి చేసిన ఉపన్యాసమున ఇట్టి కాంతిపుంజమునే ప్రయోగించి చూపెను. ఆ గాలిని దూదిలోనుండి పోనిచ్చినచో కిరణము మాయమగుననియు చూపెను. నేడు కర్మాగారములలో ధూళి ఏ యంత్రమునుండి ఎటు పోవుచున్నదో తెలిసికొనుటకు పరీక్షకులు వాడు దీపమును టిండాల్ పేరుననే పిలుచుచున్నారు.

దుమ్ము చెరుపు చేయునని పూర్వులకు తెలియకపోలేదు. రోమను రచయిత ప్లినీ, క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో, ఎర్రని సింధూరపు పొడి చేయువారు జంతువుల పొత్తికడుపు తిత్తులను ముఖమునకు కట్టుకొందురని వ్రాసెను. 1556లో వెలువడిన అగ్రికోలా గ్రంథమున గని దుమ్ము ఊపిరితిత్తులను తినివేయుననియు, కార్పేథియన్ పర్వతముల గనులవద్ద ఏడుగురు భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు కలరనియు ఉన్నది. 1700లో ఇటలీలో రామజీని వృత్తిరోగములపై వ్రాసిన గ్రంథమున రాతిపనివారికి, ధాన్యము జల్లించువారికి వేరువేరు అధ్యాయములు కేటాయించెను. తెలియుట ఒకటి, మాన్పుట ఒకటి. చేతిపనిముట్ల కాలమున దుమ్ము కొంత తక్కువ, ముతక. ఆవిరియంత్రము వచ్చినపిదప అది రెండు విధములను మారిపోయినది.

ఇంగ్లండులోని షెఫీల్డు నగరము ఇందుకు ఉదాహరణము. కత్తులు, కత్తెరలు, ఫోర్కులు సానపట్టువారు అచట మొదట వాగుల ఒడ్డున నీటిచక్రములతో పనిచేసెడివారు. నీరు తక్కువైన కాలమున పని ఉండదు. పాక నాలుగు వైపుల తెరచియుండును. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆవిరిశక్తి వచ్చినపిదప పని నగరము నడుమకు మారినది. ఒకే గదిలో పెక్కు సానరాళ్లు, ఏడాది పొడుగున పని. కత్తులను తడిరాతిపై సానపట్టుదురు. ఫోర్కులను పొడిరాతిపై సానపట్టుట ఆచారము. 1845లో ఎంగెల్స్ తన గ్రంథమున, ఒక షెఫీల్డు వైద్యుని ఆధారముగా, పొడిసాన పనివారి సగటు ఆయుర్దాయము ముప్పది ఐదేండ్లు దాటదనియు, తడిసాన పనివారు నలుబది ఐదుదాక బ్రదుకుదురనియు వ్రాసెను. నీటి వెల పదియేండ్లు అన్నమాట!

ఆ నగరమునకు ఉపాయము తెలియకపోలేదు. 1820 ప్రాంతముననే అబ్రహాం అను నతడు ఉక్కురజనును పట్టుటకు అయస్కాంతములను అమర్చెను. కాని అయస్కాంతము ఉక్కును పట్టును గాని సానరాతినుండి లేచు సిలికాను పట్టదు. హాని చేయునది ఆ రాతిదుమ్మే అని నాటికి ఎవరికిని స్పష్టముగా తెలియదు. తరువాత చక్రమునకు వెనుక గూడు కట్టి, పంకాతో దుమ్మును బయటికి లాగు ఏర్పాటు వచ్చినది. విచిత్రమేమనగా, పనివారిలో పెక్కురు దీనిని ఎదిరించిరి. ఆయుస్సు పెరిగినచో ఆ పనికి వచ్చువారు ఎక్కువై కూలి పడిపోవునని వారి భయము. అది మూర్ఖత్వమని కొట్టివేయుట సులభము. ప్రాణమునకు అపాయము గలదని కొంచెము ఎక్కువ కూలి వచ్చుచున్నపుడు ఆ అపాయమే వారికి ఆస్తియై కూర్చున్నది. యజమాని పంకా పెట్టడు, పనివాడు అడుగడు. చివరకు 1867 నాటి ఫ్యాక్టరీ చట్టము పంకా పెట్టుమని ఆజ్ఞాపించు అధికారమును పరీక్షకులకు ఇచ్చినది.

ఇక దుమ్ము పట్టు యంత్రముల పుట్టుక చూడుడు. ఇవి మూడు విధములు. మూడింటి కథలును ఒక్క తీరుననే ఉన్నవి.

మొదటిది గుడ్డసంచి. అమెరికాలో జోన్స్ అను నతడు 1852లో దీనికి పేటెంటు పొందెను. జింకును కాల్చినపుడు తెల్లని పొగగా లేచు జింకు ఆక్సైడు రంగుల పరిశ్రమకు కావలసిన సరకు. అది గాలిలో పోకుండ సంచిలో పట్టుటయే ఉద్దేశము. 1881లో జర్మనీలో బేత్ అను నతడు సంచులను యంత్రముచే దులుపు పద్ధతిని కనుగొనెను. 1950ల చివర అమెరికాలో రైనవర్, గాలిని క్షణకాలము ఎదురు కొట్టి సంచిని దులుపు పద్ధతిని రూపొందించెను. నేటి పెద్ద కర్మాగారములలో ఎక్కువగా కనబడునది ఇదే. సంచిని గూర్చి చాలమందికి ఒక అపోహ కలదు. గుడ్డ కంతలకంటె పెద్ద కణములే ఆగును, చిన్నవి పోవును అనుకొందురు. నిజమునకు కొత్త గుడ్డ సరిగా వడకట్టదు. కొంతసేపు పనిచేసినపిదప గుడ్డపై పేరుకొన్న దుమ్ము పొరయే అసలు వడపోత. ప్రతిదినము సంచిని ఉతికి శుభ్రముగా పెట్టు యజమాని, పాపము, మంచిచేయబోయి చెడు చేయుచున్నాడు. పూర్తిగా దులుపకున్న గాలి ఆడదు. మితిమీరి దులిపిన వడపోత ఉండదు.

రెండవది సుడియంత్రము. దీనిని సైక్లోను అందురు. 1885లో ఫించ్ అను అమెరికను దీనికి పేటెంటు పొందెను. పైన గొట్టమువలెను, క్రింద గరాటువలెను ఉండు డబ్బాలోనికి దుమ్ముగాలిని ప్రక్కనుండి వేగముగా పంపుదురు. గాలి సుడితిరుగును. త్రాటికి రాయి కట్టి త్రిప్పి విడిచిన బాలునకు తెలిసినట్లే, బరువైన కణములు అంచునకు పోయి, గోడకు తగిలి, జారి క్రిందపడును. గాలి నడుమనుండి పైకి పోవును. కదలు భాగము ఒక్కటియు లేదు, గుడ్డ లేదు, చెడునది లేదు. దీనికి ముందు కొలిమి కట్టినది పిండిమరల పరిశ్రమ. 1878 మే 2న మినియాపొలిస్ నగరమున వాష్‌బర్న్ మర ప్రేలి 18 మంది మరణించిరి. గాలిలో వ్యాపించిన పిండి నిప్పురవ్వకు మందుగుండువలె అంటుకొనును. ప్రేలుడు యజమాని భవనమును కూడ కూల్చును గనుక ఈ దుమ్మునకు మందు త్వరగా దొరికినది. ఇంతకును సుడియంత్రము పది మైక్రానులకంటె పెద్దవాటిని చక్కగా పట్టును. ఊపిరితిత్తులకు చేరు చిన్నవాటిలో పెద్దభాగము దానిని దాటిపోవును.

మూడవది విద్యుత్తుతో పనిచేయునది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కాట్రెల్ 1907 ప్రాంతమున, గాలిలోని కణములకు అధిక వోల్టేజీ తీగచే విద్యుదావేశము కల్పించి, వాటిని ఎదుటి లోహపు పలకకు ఆకర్షింపజేయు పద్ధతిని నెలకొల్పెను. 1880లలో ఆలివర్ లాడ్జ్ వేల్స్‌లో దీనిని సీసపు కొలిమివద్ద ప్రయత్నించి నెగ్గలేదు. కాట్రెల్ మొదట పట్టినది గంధకామ్లపు తుంపరలను; అదియు అమ్ముడుపోవు సరకే. తరువాత రివర్‌సైడ్ అను ఊరిలో సిమెంటు కర్మాగారపు దుమ్ము నారింజ తోటలపై పడుచున్నదని రైతులు తగవునకు దిగగా అచట ఈ యంత్రమును పెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పొటాషు ధర పెరిగినపుడు, ఆ పట్టిన దుమ్ములో పొటాషు ఉన్నదని తెలిసి, యజమానులు దానిని అమ్మి లాభము పొందిరి. మన థర్మల్ విద్యుత్కేంద్రముల పొగగొట్టములవద్ద బూడిదను పట్టునది కాట్రెల్ యంత్రపు సంతతియే. ఆ బూడిదను ఇటుకలవారు, సిమెంటువారు కొనుచున్నారు.

జింకు పొగ, పిండి, ఆమ్లము. మొదట పట్టిన మూడింటిలో ఒక్కటియు పనివాని ఊపిరికొరకు పట్టినది కాదు. ఈ విషయమున కార్వాన్ సానకును కాలిఫోర్నియా కర్మాగారమునకును భేదము లేదు.

వెల రాని దుమ్ము ఏమి చేసినదో తెలుగువారికి చేరువలోనే ఒక గని చూపినది. కోలారు బంగారు గనులు నాటి మైసూరు సంస్థానములోనివి. 1880 మొదలు జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వాటిని నడపినది. చిత్తూరు ప్రాంతమునుండి, ఉత్తర ఆర్కాటునుండి తెలుగు, తమిళ కూలీలు వేలసంఖ్యలో పోయి అచట పనిచేసిరి. కోలారు బంగారము పలుగురాతి పొరలలో ఉండును. ఆ రాతిని తొలిచినను, ప్రేల్చినను లేచునది సిలికా దుమ్మే. రాతికి కన్నము వేయు యంత్రపు ఉలి చేతి ఉలికంటె ఎన్నో రెట్లు మెత్తని పొడి చేయును. దక్షిణాఫ్రికాలోని బంగారు గనులలో ఇరువదవ శతాబ్ది ఆరంభముననే దీనివలన గనికార్మికులు కుప్పలుగా మరణించుట చూచి, ఉలి నడుమ రంధ్రముచేసి దానిగుండ నీరు పంపు పద్ధతిని అవలంబించిరి. 1930లో జొహానెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిలికోసిస్‌పై మహాసభ జరిపినది. కోలారు గనులలో 1940 మొదలు 1946 వరకు 7,653 మంది కార్మికులను పరీక్షింపగా నూటికి నలుబది మందికి పైగా సిలికోసిస్ కలదని తేలినది. మైసూరు సంస్థానము 1940లోనే ఈ వ్యాధిని గూర్చి నియమములు చేసియుండెను. పరిహారము ఇయ్యవలసి వచ్చినపుడు ఊపిరితిత్తికి కూడ ఒక వెల ఏర్పడినది. ఆ గనులు 2001లో మూతపడినవి.

స్వతంత్ర భారతదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షనులో దుమ్మును గూర్చి చెప్పినది. పనివారికి హానికరమైన దుమ్ము పుట్టుచోట దానిని లాగివేయు సాధనమును, పుట్టిన బిందువునకు సాధ్యమైనంత దగ్గరగా పెట్టవలెననియు, ఆ బిందువును సాధ్యమైనంతవరకు మూయవలెననియు దాని సారము. ఈ 'దగ్గరగా' అను ఒక్క మాటలో మంచి భౌతికశాస్త్రము కలదు. వెలుగుచున్న కొవ్వొత్తిని మూరెడు దూరమునుండి ఊది ఆర్పవచ్చును. అంత దూరమునుండి పీల్చి ఆర్పుట ఎవరితరము కాదు. ఊదిన గాలి బాణమువలె ఒక దిక్కునకే పోవును. పీల్చునపుడు గాలి అన్ని దిక్కులనుండి చేరును గనుక దూరమునకు బలము చాలదు. పీల్చు గొట్టపు మూతినుండి ఆ గొట్టపు వ్యాసమంత దూరము పోవుసరికి గాలి వేగము మూతివద్దనున్నదానిలో సుమారు పదవ వంతు మాత్రమే ఉండును. పైకప్పునకు పెద్ద పంకా బిగించి దుమ్ము బాధ తీరినదనుకొను కార్ఖానాలలో, ఆ పంకా చేయునది దుమ్మును పనివాని ముఖము మీదుగా పైకి లాగుటయే.

ఈ తెలివి ఆచరణలోనికి వచ్చుటకు ఎంతకాలము పట్టినదో బలపము చెప్పును. తెలుగుదేశపు బడులలో పలకకు మార్కాపురము ఎంత పేరుపొందినదో, దేశమున రాతిబలపములకు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ అంత పేరుపొందినది. అచట రాతిపలకలను విద్యుత్ రంపములతో పొడిగా కోసి బలపములు చేసెడివారు. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు 593 మంది పనివారిని పరీక్షించి, నూటికి 54.6 మందికి సిలికోసిస్ ఉన్నదని 1985లో ప్రకటించిరి. ఓనమాలు దిద్దిన చేతులకు ఆ సంగతి తెలియదు. అదే సంస్థ గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకురాళ్లను సానపట్టువారికొరకు, సానచక్రమునకు అతి సమీపమున దుమ్మును లాగు చిన్న సాధనమును రూపొందించినది. అకీకు పనివారు వజ్రపు పనివారికి వృత్తిబంధువులే. కాని అకీకు పొడికి వజ్రపు పొడికున్న వెల లేదు.

సంపూర్ణముగా వడకట్టు ఉపాయము లేదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణుశక్తి పరిశోధనలకొరకు అమెరికాలో సూక్ష్మమైన నారకాగితపు వడపోతను తయారుచేసిరి. నేడు హెపా అని పిలుచునది అదియే. 0.3 మైక్రాను కణములను కూడ నూటికి 99.97 వంతున ఆపవలెనని దాని నియమము. ఇందులో ఒక చమత్కారము కలదు. అంతకంటె చిన్న కణములను పట్టుట దీనికి ఇంకను సులభము. మిక్కిలి చిన్నవి గాలి అణువుల తాకిడికి అటునిటు తడబడుచు ఏదో ఒక నారకు తగిలి అంటుకొనును. పెద్దవి తమ జడత్వముచే గాలితో మలుపు తిరుగలేక నారను గుద్దుకొనును. నడుమనున్న 0.3 పరిమాణమే తప్పించుకొనుటకు నేర్పు గలది. ఆ వడపోతకు ఖరీదు ఎక్కువ. ముతక దుమ్ముతో త్వరగా పూడుకొనును. కావున ముందు సుడియంత్రము, తరువాత సంచి, అన్నిటికిని చివర హెపా అను వరుస పెట్టుదురు. ముఖమునకు ముసుగు ఈ వరుసలో కట్టకడపటిది. రుమాలు కట్టుకొనుట లెక్కలోనికే రాదు. ముఖమునకును దానికిని నడుమ సందులుండును, మెత్తని దుమ్ము అందులోనుండియే పోవును.

నగరములోని ఏ పేటలోనైనను కనబడు చిన్న కొయ్యపని కార్ఖానాను ఇప్పుడు చూడుడు. రంపమునకు, చిత్రికపట్టు యంత్రమునకు ఒక గొట్టము తగిలించి, దాని చివర గుడ్డసంచి కట్టియుందురు. సంచి నిండిన రంపపుపొట్టునకు కొనువారు ఉన్నారు. ముతక గుడ్డలోనుండి ఉబికి వచ్చు మెత్తని పొడి మరల గదిలోనికే వచ్చును. కొయ్యదుమ్ము క్యాన్సర్ కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో నిర్ధారించినది. స్ఫటిక సిలికాను 1997లో ఆ జాబితాలో చేర్చినది. ఆ సంచిని గోడకు ఆవల బయట పెట్టినను సగము మేలు. కాని పక్కింటివారు ఊరుకొనరు.

ఇంటి వంటగదులలో పరచు రాతిపలకలు ఇటీవలి ముచ్చట. సహజమైన గ్రానైటులో సిలికా సుమారు మూడవ వంతు ఉండును. పలుగుపొడిని జిగురుతో అతికించి చేయు కృత్రిమ రాతిలో అది నూటికి తొంబదిదాక ఉండును. దీనిని పొడిగా కోసిన యువకులు కొద్ది సంవత్సరములలోనే సిలికోసిస్ పాలగుట 2010 తరువాత ఇజ్రాయెల్, స్పెయిన్, ఆస్ట్రేలియాలలో బయటపడినది. 2024 జులై 1 నుండి ఆస్ట్రేలియా అట్టి రాతిని వాడుటనే నిషేధించినది. అమెరికాలో 2016లో చేసిన నియమముల ప్రకారము రాతిరంపమునకు నీటి ధార బిగించియుండుట అంగీకరించిన పద్ధతులలో ఒకటి. పళ్లెమంత చక్రముపై ఎడతెగక నీరు పోయుచుండిన పనివానిని తవెర్నియే చూచి మూడువందల యేబది యేండ్లు దాటినది.

మన దేశమున 1948 చట్టము యంత్రశక్తి వాడుచోట పదిమంది, వాడనిచోట ఇరువదిమంది పనివారు ఉన్నపుడే సామాన్యముగా వర్తించెడిది. దాని స్థానమున 2020లో చేసిన వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందు ఆ సంఖ్యలను ఇరువదికిని నలుబదికిని పెంచిరి. వంటగది రాతిని వీథిలోనే పొడిరంపముతో కోసి ఇచ్చు అంగడిలో యజమానితో కూడ ముగ్గురో నలుగురో ఉందురు. నీరు పోసినచో వీథి బురదయగునని ఇరుగుపొరుగువారు గోలపెట్టుదురు. ఆ బురదను కొనువారు ఇంకను పుట్టలేదు.